రిటర్నులు వేయని ఏళ్లు, పెరిగే పన్ను బాకీ: ఏ ఏడాదికి ఏ దారి?

మా బావమరిది విజయవాడలో ఇంట్లోనే కూర్చుని అమెరికా కంపెనీలకు కోడ్ రాస్తాడు. నేను హైదరాబాద్ కృష్ణానగర్‌లో డబ్బింగ్ సినిమాలకు మాటలు రాస్తాను. ఇద్దరికీ నెల జీతం లేదు, చేతికి ఫారం 16 (కంపెనీ ఇచ్చే జీతం, పన్ను లెక్కల కాగితం) ఇచ్చేవాళ్లు లేరు. ఇద్దరం వరసగా కొన్నేళ్లు ఇన్‌కమ్ ట్యాక్స్ రిటర్నులు ఎగ్గొట్టాం. మొదటి ఏడాది బద్ధకం, రెండో ఏడాది భయం, ఆ తర్వాత ఆ మాట ఎవరైనా ఎత్తితేనే విసుగు. సంక్రాంతికి ఊళ్లో కలిసినప్పుడు మాటల్లో బయటపడింది, ఇద్దరం ఒకే గోతిలో ఉన్నామని. తీరా లెక్క వేస్తే గోతులు వేరు. వాడు నిజంగానే బాకీ. నాకు మాత్రం ఒక ఏడాదికి గవర్నమెంటే తిరిగి ఇవ్వాలి!

అందుకే "మొత్తం ఎంత బాకీ" అన్న లెక్కతో మొదలుపెట్టకండి. ఆ మొత్తం అంకె ఊహే తప్ప ఇంకేం కాదు, పైగా అదే నిద్ర చెడగొడుతుంది. చట్టం ఒక్కో ఏడాదినీ విడిగా చూస్తుంది. ఒక్కో ఏడాదికి ఒక్కో తలుపు, ఒక్కో గడువు, ఒక్కో ధర. ఎంపికంతా అక్కడే ఉంది.

ముందు రెండు కాగితాలు దింపుకోండి

ఇన్‌కమ్ ట్యాక్స్ పోర్టల్‌లో లాగిన్ అయితే ప్రతి ఏడాదికీ 26ఏఎస్, ఏఐఎస్ (ఆ ఏడాది మన ఆదాయం, లావాదేవీల జాబితా) దొరుకుతాయి. ఏఐఎస్ పీడీఎఫ్ తెరవడానికి పాస్‌వర్డ్ అడుగుతుంది: పాన్ నంబరును చిన్న అక్షరాల్లో కొట్టి, వెంటనే పుట్టిన తేదీ ఎనిమిది అంకెలు. నేను పెద్ద అక్షరాల్లో కొడుతూ అరగంట తిట్టుకున్నాను.

26ఏఎస్‌లో మన పేరు మీద ఎవరెవరు ఎంత టీడీఎస్ (డబ్బులిచ్చేవాళ్లు ముందే పట్టుకుని కట్టే పన్ను) కట్టారో ఉంటుంది. నాకు డబ్బులిచ్చే నిర్మాతలు, స్టూడియోలు 194జె సెక్షన్ కింద 10 శాతం పట్టుకునే ఇస్తారు. అవన్నీ వరసగా కనబడ్డాయి. బావమరిది 26ఏఎస్ దాదాపు ఖాళీ, విదేశీ క్లయింట్లు మన టీడీఎస్ కట్టరు కదా. అందులో లేదంటే ఆదాయం లేనట్టు కాదు. వాడి లెక్క బ్యాంకు స్టేట్‌మెంట్ నుంచి తీయాలి.

రెండో మెట్టు 44ఏడీఏ సెక్షన్. ఇంజినీర్లు, డాక్టర్లు, లాయర్లు, ఆర్కిటెక్టులు, ఐటీ పని చేసేవాళ్లు, సినిమా వాళ్లలో ఎడిటర్, కెమెరామన్, పాటల రచయిత, మాటల రచయిత లాంటివాళ్లు ఏడాది వసూళ్లలో సగాన్ని లాభంగా చూపిస్తే చాలు. బిల్లులు, పద్దు పుస్తకాలు అడగరు. వసూళ్ల పరిమితి 50 లక్షలు. 2023-24 ఆర్థిక సంవత్సరం నుంచి, నగదు వసూళ్లు 5 శాతం దాటకపోతే 75 లక్షలు. కిరాణా కొట్టు, టిఫిన్ సెంటర్, ఆన్‌లైన్ అమ్మకాలు అయితే 44ఏడీ, దాని శాతాలు వేరు. ఇక సేవల వసూళ్లు ఏడాదికి 20 లక్షలు దాటి ఉంటే జీఎస్టీ అనే వేరే తలనొప్పి ఉంది, దాన్ని ఇక్కడ కలపను.

నా ఏడాది, వాడి ఏడాది

2022-23లో నా వసూళ్లు 11 లక్షలు. పట్టుకున్న టీడీఎస్ 1,10,000. సగం లాభం అంటే 5.5 లక్షలు. పాత పద్ధతిలో (మినహాయింపులు చూపుకునే పన్ను పద్ధతి) ఎల్ఐసీ, పీపీఎఫ్ కలిపి 50,000 తీసేస్తే సరిగ్గా 5 లక్షలు, రిబేటుతో పన్ను సున్నా. అంటే 1,10,000 మొత్తం నాదే. మూడేళ్లుగా నేను భయపడుతున్న ఏడాది ఇది.

2023-24లో బావమరిది వసూళ్లు 18 లక్షలు, టీడీఎస్ లేదు. లాభం 9 లక్షలు. కొత్త పద్ధతి శ్లాబుల్లో పన్ను 45,000, సెస్సుతో 46,800. ఆ రోజే కట్టి ఉంటే అంతటితో పోయేది. 2026 సెప్టెంబరులో వేస్తే ఎంతవుతుందో చూడండి. ఆలస్యానికి 234ఎ వడ్డీ నెలకు 1 శాతం చొప్పున 26 నెలలకు 12,168. అడ్వాన్స్ ట్యాక్స్ (ఏడాది నడుస్తుండగానే కట్టాల్సిన పన్ను) కట్టనందుకు 234బి వడ్డీ 30 నెలలకు 14,040. దాని విడత గడువు తప్పినందుకు 234సి కింద 468. ఇంతవరకూ 73,476. దీని మీద 50 శాతం అదనపు పన్ను (ఎందుకో కింద చెబుతాను) 36,738. లేట్ ఫీజు 5,000. అన్నీ కలిపి 1,15,214.

46 వేలు లక్షా పదిహేను వేలయింది. అయినా వాడు "అయిదారు లక్షలు పడుతుందేమో" అని వణికిన ఏడాది ఇదే.

తలుపులు మూడు

డిసెంబరు 31 గడువు ఇంకా దాటని తాజా ఏడాదికి బిలేటెడ్ (ఆలస్యపు) రిటర్ను. అన్నిట్లోకీ చవక. ఫీజు 5,000, ఆదాయం 5 లక్షల లోపైతే 1,000. అదనపు పన్ను లేదు. రిఫండ్ కూడా అడగొచ్చు. దీనికి ఇంకో గుణం ఉంది, చాలామందికి తెలియదు: చేతిలో డబ్బు లేకపోయినా రిటర్ను వేసేయొచ్చు. పోర్టల్‌లో తర్వాత కడతాను అని ఎంచుకుని పంపితే, బెంగళూరు సీపీసీ (రిటర్నులు పరిశీలించే కేంద్రం) నుంచి 143(1) కింద డిమాండ్, అంటే బాకీ నోటీసు, వస్తుంది. అప్పుడు వాయిదాలు అడగవచ్చు. వేయడం, కట్టడం రెండూ ఒకే పని అనుకుని, డబ్బు లేదని వేయకుండా కూర్చోవడమే మా ఇద్దరి అసలు తప్పు.

అది దాటితే అప్‌డేటెడ్ రిటర్ను, అందరూ ఐటీఆర్-యు అంటారు. 2022లో రెండేళ్ల గడువుతో పెట్టారు, 2025 బడ్జెట్లో నాలుగేళ్లకు పెంచారు. మదింపు సంవత్సరం (సంపాదించిన ఆర్థిక సంవత్సరానికి తర్వాతి ఏడాది) ముగిశాక మొదటి ఏడాదిలో వేస్తే అదనపు పన్ను 25 శాతం, రెండో ఏడాది 50, మూడో ఏడాది 60, నాలుగో ఏడాది 70. ఈ శాతం పన్ను మీదే కాదు, పన్నూ వడ్డీ కలిపిన మొత్తం మీద. ఇక్కడ అప్పు పెట్టడం కుదరదు. మొత్తం కట్టి, చలాన్ వివరాలు ఎక్కించాకే రిటర్ను తీసుకుంటుంది. రిఫండ్ వచ్చే ఏడాదికి ఈ తలుపు అసలు తెరుచుకోదు. నష్టం చూపించడానికీ కుదరదు.

నాలాంటి రిఫండ్ ఏడాదికి దారి 119(2)(బి), ఆలస్యాన్ని మన్నించమని అర్జీ. 2024 అక్టోబరు 1 నాటి సీబీడీటీ (ప్రత్యక్ష పన్నుల బోర్డు) సర్క్యులర్ ప్రకారం మదింపు సంవత్సరం ముగిసిన అయిదేళ్ల లోపు పెట్టుకోవాలి. కోటి రూపాయల లోపు క్లెయిములను ప్రిన్సిపల్ కమిషనర్ స్థాయిలోనే తేలుస్తారు. అర్జీ పోర్టల్‌లోనే పెట్టవచ్చు. "మర్చిపోయాను" అని రాస్తే పని జరగదు. నిజంగా ఇబ్బంది ఉందని చూపాలి. ఆ ఏడాది మా నాన్నగారు మంచాన పడ్డారు, ఆస్పత్రి డిశ్చార్జి సమ్మరీలు జత చేశాను. వీలైనంతవరకు ఆరు నెలల్లో తేల్చాలని సర్క్యులరే చెబుతోంది. రిఫండ్ వచ్చినా ఆలస్యపు క్లెయిము కాబట్టి దాని మీద వడ్డీ ఇవ్వరు. అసలు వస్తే అదే పదివేలు.

కొత్త పద్ధతి, పాత పద్ధతి ఎంపిక ఇక్కడ మెలిక పెడుతుంది. 2022-23 వరకు ఆలస్యంగా వేస్తే పాత పద్ధతిలోనే వేయాలి. కొత్తది కావాలంటే 10-ఐఈ ఫారం గడువులోపు ఇచ్చి ఉండాలి. 2023-24 నుంచి తిరగబడింది. కొత్త పద్ధతే మామూలు. వృత్తి, వ్యాపార ఆదాయం ఉన్నవాళ్లు పాతది కావాలంటే 10-ఐఈఏ గడువులోపే ఇవ్వాలి. అందుకని 2023-24లో మీరు ఎంత ఎల్ఐసీ కట్టినా, ఎంత హోమ్ లోన్ తీర్చినా ఆలస్యపు రిటర్నులో పనికిరాదు. "అన్నీ చూపించి పన్ను సున్నా చేస్తా" అనే ఏజెంటు ఎదురైతే ఈ ఒక్క ప్రశ్న అడిగి చూడండి, ముఖం ఎలా పెడతాడో.

అప్పు చేసి కట్టాలా, ఆగి కట్టాలా

మేం కాగితం మీద ఎక్కువసేపు కొట్టుకున్నది ఇక్కడే.

బావమరిది లెక్కలో 2026 సెప్టెంబరు తర్వాత ఒక్కో నెల ఆగితే ఎంత పెరుగుతుంది? రెండు వడ్డీలు కలిపి నెలకు 936, దాని మీద సగం అదనం, మొత్తం 1,404. లక్షా పదిహేను వేల మీద నెలకు 1,404 అంటే ఏడాదికి 14, 15 శాతం. ఇంచుమించు పర్సనల్ లోన్ వడ్డీ. అంటే ఆ లోపు సంపాదించి కట్టగలిగేవాడు కేవలం వడ్డీ కోసం భయపడి లోన్ తీసుకోవాల్సిన పని లేదు.

కానీ మార్చి 31 అనేది గోడ. 2027 మార్చిలో కడితే 1,23,638. ఏప్రిల్ రాగానే 50 శాతం కాస్తా 60 అవుతుంది, 1,33,045 కట్టాలి. ఒక్క రాత్రికి 9,400. కాబట్టి మేం తేల్చుకున్నది ఇదీ: మార్చి లోపు పని డబ్బులతో కట్టగలిగినంత కట్టడం, ఫిబ్రవరి చివరికి ఎంత తక్కువ పడుతుందో దానికి మాత్రమే అప్పు చేయడం.

ఐటీఆర్-యుకి వాయిదాలు ఇవ్వరు గానీ, మనకు మనమే వాయిదాలు పెట్టుకోవచ్చు. ఈ-పే ట్యాక్స్‌లో ఆ మదింపు సంవత్సరం ఎంచుకుని, సెల్ఫ్ అసెస్‌మెంట్ ట్యాక్స్ కింద నెలనెలా చలాన్ కట్టుకుంటూ పోవచ్చు. చివర్లో అన్ని చలాన్లూ రిటర్నులో ఎక్కించాలి. సంవత్సరం ఎంచుకునేటప్పుడు మాత్రం కళ్లు పెద్దవి చేసుకుని చూడండి. 2023-24 ఆర్థిక సంవత్సరానికి మదింపు సంవత్సరం 2024-25. మా వాడు మొదటి చలాన్ తప్పు సంవత్సరానికి కట్టి, దాన్ని సరిచేయించుకోవడానికి మళ్లీ తిరిగాడు.

అప్పు చేయాల్సి వస్తే దేనికి ముందు వెళ్లాలి? ఇంట్లో బంగారం ఉంటే కుదువ పెట్టడమే నా ఓటు. సాధారణంగా పర్సనల్ లోన్ కంటే వడ్డీ తక్కువ, పైగా రిటర్నులు అడగరు. రిటర్నులు లేనివాడికి బ్యాంకు పర్సనల్ లోన్ ఇవ్వడమే కష్టం, ఈ రోగానికి మందు కొనాలన్నా ఈ రోగం లేదని సర్టిఫికెట్ కావాలన్నమాట. చీటీ నడుస్తుంటే పాట ఎంతకు పోతుందో చూసుకోండి. మొదటి నెలల్లో పోటీ పడి పాడితే తగ్గింపు లోన్ వడ్డీని మించిపోతుంది, సగం నెలలు గడిచిన చీటీ అయితే ఆలోచించవచ్చు. క్రెడిట్ కార్డు మీద కట్టి, ఆ కార్డు బిల్లును ఈడ్చడం మాత్రం వద్దు. నెలకు 3 శాతం పైన వడ్డీ పడే చోటికి 1 శాతం బాకీని మార్చడం తెలివి కాదు.

బిలేటెడ్ రిటర్ను వేసి డిమాండ్ తెచ్చుకున్నవాళ్ల లెక్క వేరు. నోటీసు అందిన 30 రోజుల్లో కట్టాలి. ఆ 30 రోజులు ముగియక ముందే అసెసింగ్ అధికారికి 220(3) కింద వాయిదాలు కావాలని రాయండి. ఆదాయం, ఇంటి ఖర్చులు, నెలకు ఎంత కట్టగలరో స్పష్టంగా పెట్టండి. ఒప్పుకోవడం ఆయన ఇష్టం. ఒప్పుకున్నా నెలకు 1 శాతం వడ్డీ నడుస్తూనే ఉంటుంది. ఒక్క వాయిదా తప్పితే మొత్తం ఒకేసారి మీద పడుతుంది. అందుకని గొప్పకు పోయి పెద్ద అంకె రాయకండి. ఏమీ రాయకుండా, కట్టకుండా ఉంటే బ్యాంకు ఖాతాను అటాచ్ చేసే అధికారం 226(3) కింద వాళ్లకు ఉంది. చేతిలో క్లయింట్ డబ్బు మీద బతికేవాడికి ఖాతా ఆగిపోవడం అంటే ఏమిటో చెప్పక్కర్లేదు.

అన్నిటికీ డబ్బు చాలకపోతే ఏ ఏడాది ముందు?

పాతదే ముందు తీర్చాలని మనసు చెబుతుంది, అప్పుల విషయంలో మన ఇళ్లలో పద్ధతి అదే కాబట్టి. ఇక్కడ లెక్క వేరేగా పలుకుతుంది. 2027 మార్చి 31 లోపు వేస్తే 2024-25 ఆర్థిక సంవత్సరానికి 25 శాతం, దాటితే 50. ఒకేసారి రెట్టింపు. 2023-24కి 50 నుంచి 60, 2022-23కి 60 నుంచి 70. దూకుడు అన్నిటికంటే ఎక్కువ కొత్త ఏడాదిలోనే. కాబట్టి బాకీలు ఇంచుమించు సమానంగా ఉంటే కొత్తది ముందు, తర్వాత వెనక్కి వెళ్లండి.

వీటన్నిటికంటే ముందు, నడుస్తున్న ఏడాది. పాత బాకీ తీరుస్తూ ఈ ఏడాది అడ్వాన్స్ ట్యాక్స్ మానేస్తే చిల్లుకుండలో నీళ్లు పోసినట్టే. 44ఏడీఏ వాళ్లకు నాలుగు విడతల గొడవ లేదు, మార్చి 15 లోపు ఒకేసారి కడితే చాలు. వచ్చిన ప్రతి పేమెంట్‌లో కొంత వేరే ఖాతాలోకి తోసేయడం మా వాడు ఇప్పుడు అలవాటు చేసుకున్నాడు.

2021-22 ఆర్థిక సంవత్సరం సంగతి కాస్త ఇబ్బందికరం. ఐటీఆర్-యు తలుపు 2027 మార్చి 31 దాకా తెరిచే ఉంది, 70 శాతం అదనంతో. మరోపక్క, దాచిన ఆదాయం 50 లక్షల లోపు ఉంటే 148 నోటీసు (పాత ఏడాది లెక్క మళ్లీ తెరిచే నోటీసు) ఇవ్వడానికి డిపార్ట్‌మెంట్‌కు ఉన్న గడువు మదింపు సంవత్సరం ముగిసిన మూడేళ్ల మూడు నెలలు, అంటే 2026 జూన్ 30. 50 లక్షలు, ఆపైన ఉంటే అయిదేళ్ల మూడు నెలలు. ఈ రెండూ పక్కపక్కన పెట్టి చూస్తే మనసు ఎటు లాగుతుందో నాకు తెలుసు. రిటర్ను వేయకపోవడం మీద ప్రాసిక్యూషన్ వేరే సంగతి అని కూడా తెలుసు. ఈ ఒక్క ఏడాది మాత్రం అంకెలు చూపించి సీఏతోనే తేల్చుకోండి.

నోటీసు వచ్చాక చూద్దాం అనేవాళ్లకు

ఇది వట్టి బద్ధకం మాట కాదు, లెక్క వేసుకుని చెప్పేవాళ్లూ ఉన్నారు. వాళ్ల వాదన ఇలా ఉంటుంది: ఐటీఆర్-యులో 60, 70 శాతం అదనం కట్టే బదులు, పట్టుబడితే 270ఎ కింద తక్కువ చూపినందుకు పెనాల్టీ పన్నులో 50 శాతమే కదా. పట్టుబడకపోతే అదీ లేదు.

కాగితం మీద ఒప్పుకోక తప్పదు. అయితే ఆ 50 శాతం మంచి రోజున పడేది. దాన్ని తప్పుగా చూపడం కింద లెక్కిస్తే 200 శాతం. మీరు జవాబివ్వకపోతే అధికారి 144 కింద తనకు తోచినట్టు మదింపు చేస్తారు, అప్పుడు సగం లాభం అన్న సౌకర్యం కోసం పోరాడాల్సి వస్తుంది. బ్యాంకులో పడిన డబ్బు ఎక్కణ్నుంచి వచ్చిందో చూపలేకపోతే ఆ పాత సంవత్సరాలకు 60 శాతం పన్ను, సర్‌చార్జి, సెస్సు కలిపి 78 శాతం. మామ దగ్గర చేబదులు తెచ్చుకున్నదీ, మళ్లీ ఇచ్చేసిందీ అందులో ఆదాయంగా తేలొచ్చు. 276సీసీ కింద కావాలని రిటర్ను వేయకపోవడం నేరం కూడా. నోటీసు రాకముందు మన లెక్క మనం చెప్పుకుంటాం, వచ్చాక వాళ్ల లెక్కకు మనం జవాబు చెప్పుకుంటాం. దారి ఇరుకవుతుంది, ఖరీదూ పెరుగుతుంది.

మాఫీ పథకం వస్తుందని ఎదురుచూసేవాళ్లకు ఒక్క మాట. వివాద్ సే విశ్వాస్ 2024 వచ్చింది నిజమే, కానీ అది 2024 జూలై 22 నాటికి అప్పీళ్లు పెండింగులో ఉన్నవాళ్ల కోసం. అసలు రిటర్నే వేయనివాడికి అప్పీలు ఎక్కడిది?

సొంతంగానా, సీఏ దగ్గరికా

ఒకే రకం ఆదాయం, 44ఏడీఏ, టీడీఎస్ లేదు అయితే ఐటీఆర్-4 సొంతంగా వేసుకోవచ్చు, బావమరిది వేసుకున్నాడు. షేర్లు అమ్మినా, పొలం అమ్మినా, విదేశీ ఖాతాలున్నా, నోటీసు ఇప్పటికే వచ్చినా, 119 అర్జీ అయినా సీఏ కావాలి. ఫీజు మాట్లాడుకునేటప్పుడు ఏడాదికి ఇంత అని విడివిడిగా అడగండి, రిఫండ్‌లో వాటా అడిగేవాళ్ల దగ్గరికి పోకండి. లాగిన్ పాస్‌వర్డ్, రికవరీ ఫోన్ నంబరు మీ దగ్గరే ఉంచుకోండి. నా పోర్టల్ ఖాతాలో చాలాకాలం పాత ఏజెంటు నంబరు ఉండేది, నాకు రావలసిన మెసేజీలన్నీ ఆయనకే పోయాయి.

ఇంకోటి. కొత్త ఆదాయపు పన్ను చట్టం అమలు తేదీ 2026 ఏప్రిల్ 1 కాబట్టి కొత్త ఏళ్లకు సెక్షన్ నంబర్లు వేరు. పాత సంవత్సరాల లెక్క మాత్రం 1961 చట్టం ప్రకారమే. నోటీసులో ఏ నంబరు ఉంది అన్నదానికంటే ఏ సంవత్సరానికి అన్నది ముందు చూడండి.

అన్నీ కట్టి రిటర్ను పంపాక 30 రోజుల్లో ఈ-వెరిఫై చేయాలి, లేకపోతే వేసిన రోజు వేసినట్టు కాదు. మార్చి నెలాఖర్లో ఆ తేడా అదనపు పన్నులో ఒక మెట్టు ఖరీదు చేస్తుంది. మా వాడు చలాన్లన్నీ ఎక్కించి, సబ్మిట్ కొట్టి, ఆధార్ ఓటీపీ కోసం ఫోన్ చేతిలో పట్టుకుని కూర్చున్నాడు. ఓటీపీ రాలేదు. ఆధార్‌కు లింకైన నంబరు ఇంజినీరింగ్ రోజుల్లో వాడి పారేసిన సిమ్‌ది. మర్నాడు పొద్దున్నే ఆధార్ సెంటర్ దగ్గర లైన్లో నిలబడ్డాడు. మీరు ఆ పని మొదటి రోజే చేయండి.